సైకియాట్రిస్టు రిపోర్టు ఒకటి, సైకాలజిస్టు రిపోర్టు ఇంకొకటి: కోర్టు దేన్ని చూస్తుంది?

ప్రశ్న: దేవరకొండ ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా చిన్నాయన కొడుకు హత్యాయత్నం కేసులో రిమాండులో ఉన్నాడు. పక్క చేను రైతు తనకు చేతబడి చేయించాడని, రాత్రిళ్లు బావిగడ్డ మీద నిలబడి తన పేరు పెట్టి పిలుస్తున్నాడని ఏడాదిగా అంటూ వచ్చాడు. చివరికి నాట్లప్పుడు పార కామతో ఆయన తల మీద కొట్టాడు. ఆయన బతికారు గాని ఇప్పటికీ ఒక చెయ్యి సరిగా ఆడడం లేదు. వాళ్లకు జరిగిన నష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు, ఆ ఇంటికి పోయి మొఖం చూపించడానికి కూడా మాకు ధైర్యం చాలడం లేదు.

మావాడి తీరు చూసి మేజిస్ట్రేటు గారు మానసిక పరీక్షకు పంపించారు. కొన్నాళ్లు ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచిన తరువాత రెండు కాగితాలు వచ్చాయి. సైకియాట్రిస్టు ఇచ్చిన రెండు పేజీల రిపోర్టులో స్కిజోఫ్రినియా అనే జబ్బు ఉందని, మందులు ఆపకూడదని, ప్రస్తుతానికి కోర్టు విచారణను అనుసరించగల స్థితిలో లేడని రాశారు. సైకాలజిస్టు ఇచ్చిన ఐదు పేజీల రిపోర్టులో ఏవేవో పరీక్షల పేర్లు, అంకెలు ఉన్నాయి. అందులో తెలివితేటల సూచిక 76 అని, అడిగిన ప్రశ్నలను అర్థం చేసుకొని పొంతనగా జవాబులు చెప్పాడని, జబ్బు నటిస్తున్న ఆనవాళ్లు కనబడలేదని ఉంది.

సైకాలజిస్టు డాక్టరు కాదు కాబట్టి ఆ కాగితం చెల్లదని ఊర్లో ఒకరు అంటున్నారు. పొంతనగా జవాబులు చెప్పాడు కాబట్టి బుద్ధి బాగానే ఉన్నట్టని అవతలి పక్షం వాళ్లు అంటున్నారట. ఇద్దరూ ఒక మనిషినే చూశారు గదా, రెండు రిపోర్టులు ఎందుకు? కోర్టు దేన్ని పట్టించుకుంటుంది? ఫోరెన్సిక్ అంటే శవపరీక్ష, వేలిముద్రలు అనే నేను ఇన్నాళ్లు అనుకున్నాను. తెలిసినవారు విడమరిచి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత మానసిక వైద్యుడు, మహబూబ్‌నగర్

సార్, మీ తమ్ముడి వంటి వారిని కోర్టు ఆదేశాల మీద పరీక్షించి, సాక్షి బోనులో నిలబడి చెప్పిన అనుభవం నాకు ఉంది కాబట్టి నాకు తెలిసినంత వరకు రాస్తాను.

ఫోరెన్సిక్ అన్న మాటకు న్యాయస్థానానికి సంబంధించినది అని మాత్రమే అర్థం. శవపరీక్ష అందులో ఒక భాగం, మనస్సును పరీక్షించడం ఇంకొక భాగం. సైకియాట్రిస్టు మొదట వైద్యుడు. ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ పైన మానసిక వైద్యంలో మూడేళ్ల ఎం.డి. గాని దానికి సమానమైన అర్హత గాని పొందినవాడు. కనుక జబ్బుకు పేరు పెట్టడం, మందులు రాయడం, ఆసుపత్రిలో చేర్చుకోవడం అతని పనులు. మాటలు తడబడుతున్న మనిషికి మూర్ఛ ఉన్నదా, మెదడులో గడ్డ ఉన్నదా, థైరాయిడ్ లోపమా, కల్లు మానేసినందువల్ల వచ్చిన భ్రమలా అని ముందుగా తేల్చవలసింది కూడా అతడే. మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఈ చివరిది చిన్న విషయం కాదు. కల్తీ కల్లుకు అలవాటు పడ్డ మనిషి జైలుకు పోగానే అది అందక, రెండు మూడు రోజుల్లో వణుకుతూ, లేనివి చూస్తూ, గోడలతో మాట్లాడిన సందర్భాలు నేను స్వయంగా చూశాను. దానిని స్కిజోఫ్రినియా అని రాస్తే ఆ మనిషికీ అన్యాయమే, న్యాయానికీ అన్యాయమే.

సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రంలో పీజీ చేసి, క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఫిల్. వంటి గుర్తింపు ఉన్న శిక్షణ పొంది, భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) దగ్గర పేరు నమోదు చేసుకున్న నిపుణుడు. మందులు రాయడు. మనిషి తెలివితేటలను, జ్ఞాపకశక్తిని, ఆలోచనా తీరును, వ్యక్తిత్వాన్ని ప్రామాణిక పరీక్షలతో కొలవడం అతని విద్య. ఆ పరీక్షలను చేసి వాటి ఫలితాలను విప్పి చెప్పే పనిలో నా వంటి వైద్యుడికి అతని పాటి శిక్షణ లేదు. ఈ మాట ఒప్పుకోవడానికి మా వాళ్లలో కొందరికి ఇష్టం ఉండదు గాని ఉన్న మాట అదే.

ఇక చట్టం సంగతి. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367వ సెక్షను చూడండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 328. ముద్దాయికి మతిస్థిమితం లేదని మేజిస్ట్రేటుకు అనిపిస్తే మొదట జిల్లా సివిల్ సర్జన్ గాని, ప్రభుత్వం నియమించిన వైద్యాధికారి గాని పరీక్షించాలి. ఆ వైద్యుడికి కూడా అట్లాగే తోస్తే సైకియాట్రిస్టు దగ్గరకు గాని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు గాని పంపాలి. చట్టమే ఇద్దరి పేర్లు చెప్పింది కాబట్టి సైకాలజిస్టు కాగితం చెల్లదనే మాటకు ఆధారం లేదు. అయితే వారి అభిప్రాయం మీద ముద్దాయికి అభ్యంతరం ఉంటే అప్పీలు వినేది దగ్గరి ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగాధిపతి, దగ్గరి వైద్య కళాశాల మానసిక వైద్య అధ్యాపకుడు కలిసిన బోర్డు. అంటే జబ్బు గురించిన అభిప్రాయంలో చివరి మాట వైద్యులకే వదిలారు. అది సరైన ఏర్పాటేనా అన్న చర్చ ఉంది, నా మట్టుకు ఆ బోర్డులో ఒక సైకాలజిస్టు కూడా ఉంటే బాగుండును.

మీ రెండు రిపోర్టుల మధ్య నాకు వైరుధ్యం కనబడలేదు. స్కిజోఫ్రినియా ఉన్న మనిషి లెక్కలు చేయగలడు, బస్సు ఎక్కి దేవరకొండ నుండి హైదరాబాదు పోగలడు, పేరు, ఊరు, తండ్రి పేరు తప్పులేకుండా చెప్పగలడు. అదే మనిషి పక్క చేను రైతు తన ప్రాణం తీయడానికి పూజలు చేయిస్తున్నాడని ప్రమాణం చేసి చెప్పగలడు. అన్ని విషయాల్లోనూ తెలివి తప్పితేనే జబ్బు అనుకోవడం పొరపాటు. పైగా మీ తమ్ముడికి ఆ పరీక్షలు ఏ తేదీన చేశారో చూడండి. మందులు మొదలై రెండు మూడు వారాలు గడిచిన తరువాత చేసి ఉంటే, చేరిన రోజుకూ ఆ రోజుకూ మాటల పొందికలో తేడా ఉండడం సహజం.

జవాబు: క్లినికల్ సైకాలజిస్టు (సొంతూరు నాగర్‌కర్నూల్, ఉద్యోగం హైదరాబాదు)

డాక్టరు గారు చెప్పినదంతా నాకు సమ్మతమే. మా వైపు నుండి కొంత చేరుస్తాను, ఎందుకంటే ఐదు పేజీల రిపోర్టులో అసలు విలువైన వాక్యం ఎవరి కంటా పడకుండా పోయే ప్రమాదం ఉంది.

అన్నా, మీరు 76 అన్న అంకె దగ్గర ఆగిపోయారు. తెలివితేటల సూచిక సగటు 100. 70కి దిగువన ఉండి, దానికి తోడు రోజువారీ పనులు చేసుకునే నేర్పు కూడా తక్కువగా ఉంటేనే మేధో వైకల్యం గురించి ఆలోచిస్తాము. 76 అంటే సరిహద్దు స్థాయి. మీ తమ్ముడి కేసులో ఆ అంకె పెద్ద సాక్ష్యం కాదు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు పరీక్ష మీద ధ్యాస నిలవదు కాబట్టి మార్కులు తగ్గుతాయి కూడా. నా దృష్టిలో ఆ రిపోర్టులో బరువైనది జబ్బు నటిస్తున్న ఆనవాళ్లు కనబడలేదన్న వాక్యం. శిక్ష తప్పించుకోవడానికి పిచ్చి నటిస్తున్నాడని రేపు ప్రాసిక్యూషన్ వారు తప్పకుండా అంటారు. నటించేవాడు సాధారణంగా అతిగా నటిస్తాడు. నిజమైన రోగులు సైతం సరిగా చెప్పే తేలిక ప్రశ్నలకు తప్పు చెబుతాడు, ఏ రోగిలోనూ కలిసి ఉండని లక్షణాలన్నీ తనకు ఉన్నాయంటాడు. ఈ తేడాను పట్టుకోవడానికే తయారైన పరీక్షలు ఉన్నాయి, వాటిని నిర్వహించడం మా చదువులో భాగం. ఆ వాక్యానికి ఆధారం ఏ పరీక్షో రిపోర్టులో రాశారేమో చూడండి. రాయకపోతే సాక్ష్యం చెప్పే రోజున మీ వకీలు గారు అడిగించాలి.

సైకాలజిస్టులు కోర్టులో మానసిక రోగం గురించి సాక్ష్యం చెప్పవచ్చునా అన్న ప్రశ్న మన దగ్గరే పుట్టినది కాదు. అమెరికాలో 1962లో జెంకిన్స్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు, వైద్య పట్టా లేనంత మాత్రాన సైకాలజిస్టు సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదని, ఆ విషయంలో అతనికి ఉన్న చదువు, అనుభవం చూడాలని చెప్పింది. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టును మానసిక ఆరోగ్య నిపుణుల్లో ఒకరిగా గుర్తించింది.

కొన్ని చోట్ల మా పాత్ర ముందుకు వస్తుంది. పదహారు నిండి పద్దెనిమిది నిండని పిల్లలు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ వస్తే, ఆ పిల్లవాడికి నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి ఉన్నాయో లేవో పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలి. అది 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 15వ సెక్షను. అందులో సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చునని ఉంది. బోర్డు సభ్యుల్లో పిల్లల మనస్తత్వ శాస్త్రం గాని మానసిక వైద్యం గాని చదివినవారు లేనప్పుడు ఆ సాయం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ అంచనాను బట్టి పిల్లవాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది తేలుతుంది గనుక, గంటలో ముగించే పని కాదది. పిల్లవాడితో, తల్లిదండ్రులతో, బడిలో పంతుళ్లతో మాట్లాడాలి. నేను ఇట్లాంటి పని చేసిన ప్రతిసారీ ఇంటికి వచ్చి రాత్రి నిద్రపోలేదు.

ఫోరెన్సిక్ ప్రయోగశాలలో పాలిగ్రాఫ్, అంటే అబద్ధాలు పట్టే యంత్రంతో పరీక్షలు నిర్వహించే సైకాలజిస్టులు వేరు. వారు వైద్యం చేయరు, జబ్బు నిర్ణయించరు. మనిషి ఇష్టం లేకుండా నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్షలు చేయకూడదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ తమ్ముడికి ఎవరైనా అటువంటి పరీక్ష గురించి ప్రస్తావిస్తే వకీలు గారు లేకుండా ఒప్పుకోవద్దు.

జవాబు: న్యాయవాది, నల్లగొండ

పై ఇద్దరూ చెప్పిన తరువాత కోర్టు వైపు నుండి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మీ కేసులో రెండు వేరువేరు ప్రశ్నలు ఉన్నాయి, వాటిని కలిపేయడం వల్లనే గందరగోళం.

మొదటిది, ఈ రోజు మీ తమ్ముడు విచారణను అర్థం చేసుకొని తన తరఫున వాదించుకోగల స్థితిలో ఉన్నాడా? ఇప్పుడు వచ్చిన రిపోర్టులు ముఖ్యంగా ఈ ప్రశ్నకే జవాబు. లేడని కోర్టు నిర్ణయిస్తే విచారణ ఆగుతుంది, కేసు పోదు. నయమైన తరువాత మళ్లీ నడుస్తుంది. ఈలోగా అదే నాగరిక సురక్షా సంహిత 369వ సెక్షను కింద ఒక దారి ఉంది. ఆసుపత్రిలోనే ఉంచవలసినంత అవసరం లేకపోతే, బంధువు ఎవరైనా దగ్గరి ఆసుపత్రిలో క్రమం తప్పకుండా చికిత్స చేయిస్తామని, అతని వల్ల అతనికి గాని ఇతరులకు గాని హాని జరగకుండా చూసుకుంటామని పూచీ ఇస్తే, బెయిలు ఇవ్వదగ్గ నేరం కాకపోయినా బెయిలు మీద విడుదల చేయవచ్చు. ఆ పూచీని నిలబెట్టుకోగలిగితేనే ఇవ్వండి, దెబ్బ తిన్న కుటుంబం పక్క చేనులోనే ఉందన్న సంగతి కోర్టు తప్పకుండా చూస్తుంది.

రెండవది, కొట్టిన ఆ క్షణంలో అతని మనస్సు ఎట్లా ఉంది? భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను, అంటే పాత ఐ.పి.సి. 84, దీని గురించే. మతిస్థిమితం లేనందువల్ల తాను చేస్తున్న పని స్వభావం గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అని గాని తెలుసుకోలేని స్థితిలో చేసిన పని నేరం కాదు. దీని మూలం ఇంగ్లండులో 1843 నాటి మెక్‌నాటెన్ కేసులో ఉంది. ప్రధాని అనుకొని ఆయన కార్యదర్శిని కాల్చి చంపిన మనిషి విషయంలో ఏర్పడిన సూత్రాలు అవి. జబ్బు ఉన్నదని నిరూపిస్తే సరిపోదు. వైద్యులు చెప్పే పిచ్చి వేరు, చట్టం చూసే పిచ్చి వేరు అని సుప్రీంకోర్టు 2011లో సురేంద్ర మిశ్రా కేసులో మళ్లీ చెప్పింది. నిరూపణ భారం మన మీదనే ఉంటుంది. కాకపోతే ప్రాసిక్యూషన్ వలె సందేహానికి తావు లేకుండా నిరూపించనవసరం లేదని, సంభావ్యత మన వైపు ఎక్కువగా మొగ్గితే చాలని 1964లో దహ్యాభాయి కేసులో ఉంది. ఆ తీర్పే ఘటనకు ముందు, ఘటన జరిగినప్పుడు, ఆ వెంటనే తరువాత ఆ మనిషి ప్రవర్తన ఎట్లా ఉందో చూడమంటుంది.

కాబట్టి నెలల తరువాత చేసిన పరీక్ష, అది సైకియాట్రిస్టు చేసినా సైకాలజిస్టు చేసినా, ఆ క్షణానికి నేరుగా కిటికీ తెరవలేదు. నిపుణులు ఇద్దరూ అభిప్రాయం మాత్రమే చెబుతారు, నిర్ణయం జడ్జి గారిది. ఘటనకు ముందు ఎక్కడైనా చూపించారా? ఓపీ చీటీ గాని, మందుల చీటీ గాని, దర్గాకో గుడికో తీసుకుపోయినప్పుడు చూసినవారు గాని ఉన్నారా? కొట్టిన తరువాత పారిపోయాడా, అక్కడే కూర్చున్నాడా? ఐదు పేజీల రిపోర్టు కన్న ఒక పాత ఓపీ చీటీ ఎక్కువ పని చేసిన కేసులు నేను చూశాను.

ఫీజు భారం అయితే నల్లగొండ కోర్టు ఆవరణలోనే ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, కస్టడీలో ఉన్న మనిషికి ఉచిత న్యాయసహాయం హక్కుగా వస్తుంది.

జవాబు: విశ్రాంత మానసిక వైద్యుడు, మహబూబ్‌నగర్

వకీలు గారి మాటకు ఒకటి చేర్చాలి. మీ తమ్ముడికి ముందు నుండి చికిత్స చేస్తున్న వైద్యుడు ఎవరైనా ఉంటే, ఆయన చేత కోర్టుకు నిపుణుడి అభిప్రాయం రాయించడానికి ప్రయత్నించకండి. ఆయన తన దగ్గరి కేస్ షీటులో ఏముందో చెప్పే సాక్షిగా రావచ్చు. చికిత్స చేసే వైద్యుడు రోగి మంచి కోరి మాట్లాడతాడు. కోర్టు తరఫున పరీక్షించేవాడు ఎటూ మొగ్గకుండా చూడాలి, తనతో చెప్పిన మాటలు కోర్టుకు చేరతాయని ముద్దాయికి ముందే చెప్పాలి. ఒకసారి ఒక కుర్రవాడు నేను తన డాక్టరునే అనుకొని అన్నీ చెప్పుకోబోతుంటే నేనే ఆపి మళ్లీ వివరించవలసి వచ్చింది. వాడి మొఖం ఇప్పటికీ గుర్తుంది. ఈ నియమం సైకియాట్రిస్టుకూ సైకాలజిస్టుకూ ఒకటే.

ప్రశ్న: విద్యార్థిని, వనపర్తి

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నాను. ఈ రంగంలోకి రావాలంటే ఏ దారి పట్టాలి మేడం?

జవాబు: క్లినికల్ సైకాలజిస్టు

అమ్మా, ఎం.ఏ. ఒక్కటితో కోర్టుకు మానసిక రోగం గురించి రిపోర్టు రాయడానికి పూనుకోవద్దు. ముందు క్లినికల్ సైకాలజీ శిక్షణ పొంది, పునరావాస మండలిలో నమోదు కావాలి. నూతన విద్యా విధానం తరువాత ఈ కోర్సుల పేర్లు, రూపాలు మారుతున్నాయి కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ సంస్థకూ ఆ కోర్సుకూ మండలి గుర్తింపు ఉన్నదా అని నువ్వే చూసుకో. కాలేజీ వాళ్ల మాట మీద ఆధారపడకు. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైకాలజీ చదువు ఉంది, ప్రయోగశాల ఉద్యోగాలకు అది ఉపయోగపడుతుంది. రోగులను పరీక్షించే పని కోరుకుంటే ఆసుపత్రి శిక్షణ తప్పదు. ఏ దారిలో పోయినా తెలుగులో రిపోర్టు చదివి వినిపించడం నేర్చుకో, మన దగ్గర ముద్దాయి తల్లికి అర్థమయ్యేది ఆ భాషే.

ప్రశ్నించినవారు: దేవరకొండ ఉపాధ్యాయుడు

అందరికీ చేతులెత్తి నమస్కారం. రిపోర్టులు మళ్లీ చదివాను. పరీక్షలు చేసిన తేదీ మందులు మొదలైన 24 రోజులకు ఉంది. మా చిన్నమ్మ రేకు పెట్టెలో వెతికితే రెండేళ్ల కింద నల్లగొండలో చూపించిన ఓపీ చీటీ దొరికింది, దాని మీద రెండు మందుల పేర్లు ఉన్నాయి. నెల రోజులు వేసి, నయమైందనుకొని మేమే ఆపించాము. ఆ తరువాత దర్గాకు తీసుకుపోయాము. కొట్టిన తరువాత వాడు పారిపోలేదు, పోలీసులు వచ్చేదాకా గట్టు మీదనే కూర్చొని, ఇక రాత్రి పిలుపు వినబడదని అందరికీ చెప్పాడట. చూసిన కూలీలు నలుగురు ఉన్నారు. చీటీ మీద సిరా వెలిసిపోతోంది, లామినేషన్ చేయించమంటారా?

జవాబు: న్యాయవాది, నల్లగొండ

లామినేషన్ చేయించవద్దు. ఈ రోజే రెండు రంగుల జిరాక్సులు తీయించి, అసలు చీటీని ఒక కవరులో పెట్టి మీ వకీలు గారికి రశీదు తీసుకొని ఇవ్వండి. ఆ తేదీ ఓపీ రిజిస్టరును, రాసిన డాక్టరు గారిని కోర్టుకు పిలిపించమని ఆయన మెమో వేయాలి. గట్టు మీద అతను అన్న మాటలు పోలీసులు తీసుకున్న వాంగ్మూలాల్లో ఉన్నాయో లేదో చూడమని చెప్పండి. లేకపోతే ఆ నలుగురిలో చెప్పడానికి సిద్ధంగా ఉన్నవారిని మన సాక్షులుగా పిలిపించుకోవలసి వస్తుంది. వాయిదా ఎప్పుడు?

ప్రశ్నించినవారు: దేవరకొండ ఉపాధ్యాయుడు

వచ్చే గురువారం అన్నా. రేపు పొద్దున మొదటి బస్సుకే చీటీ పట్టుకొని వకీలు గారి ఇంటికి బయలుదేరుతున్నాను.